కథలేని యసురుడు: ‘రాజి’ యను వీడియో ఆటపై విమర్శ

వీడియో ఆటను గూర్చి సాహిత్యపత్రికలో వ్యాసము వ్రాయుట కొందఱికి వింతగా దోచును. పిల్లల కన్నులను చెఱచునది, చదువును మ్రింగునది, తల్లికిని కొడుకునకును తగవు పెట్టునది యని పేరుపడినదానికి గుణదోషవిచార మెందులకని వారడుగుదురు. నవలలు వచ్చినపుడును, నాటకసమాజములు వచ్చినపుడును, పిదప సినిమాలు వచ్చినపుడును మన పెద్దలిట్లే యడిగిరి. అడిగినంతమాత్రమున అవి రాక మానలేదు. ఇంటిలోనికి వచ్చి కూర్చున్న చుట్టమును పలుకరింపక మొగము త్రిప్పుకొన్నచో ఆ చుట్టము లేచిపోడు. పిల్లలు వానితో నేమి మాటలాడుచున్నారో మన మెఱుగకుందుము, అంతే. కావున చూడవలెను, వీలైనచో ఆడవలెను, పిదప తీర్పు చెప్పవలెను. నేనీ యాటను మొదటినుండి తుదివఱకు రెండుమాఱు లాడితిని. ఇట్టివానిలో నాకు మిక్కిలి ప్రియమైనది యిదియే. ప్రియమైనది గనుకనే దీని దోషములు నన్ను బాధించినవి. రుచింపనిదాని దోషము లెన్నుటకు ఇంత శ్రమ యెందులకు?

ఆట పేరు ‘రాజి: ఏన్ ఏన్షియంట్ ఎపిక్’, అనగా ఒక ప్రాచీనేతిహాసము. పూణే నగరములోని నోడింగ్ హెడ్స్ గేమ్స్ అను చిన్న సంస్థవారు దీనిని నిర్మించిరి. 2017లో వారు కిక్‌స్టార్టరు ద్వారమున ప్రజల యొద్ద చందాలు గోరిరి. కోరిన సొమ్ము చేరలేదు. అయినను పని విడువక 2020 ఆగస్టులో నిన్‌టెండో స్విచ్ యంత్రమునకును, అక్టోబరులో కంప్యూటరు మున్నగువానికిని ఆటను సిద్ధపఱచిరి. ఆ సంవత్సరము ‘ది గేమ్ అవార్డ్స్’ అను ప్రపంచప్రసిద్ధ పురస్కారములలో తొలికృతుల విభాగమున దీని పేరును పరిశీలనకు నిలిచినది. బహుమానము వేఱొక యాటకు దక్కినది. ఆ వరుసలో మన దేశపు ఆట నిలుచుటయే అరుదైన విషయము.

ఇట్టి యాటలను ఆంగ్లమున ‘డార్క్ ఫాంటసీ’ యందురు. చీకటి, శిథిలములైన కోటలు, దానవులు, తాంత్రికకర్మలు, వారి నడుమ ఏకాకియైన వీరుడు - ఇవి దీని సామగ్రి. కాశీమజిలీ కథలు చదివినవారికి గాని, ‘చందమామ’ ధారావాహికలలోని మాంత్రికుల గుహలలో బాల్యమున తిరిగి వచ్చినవారికి గాని యిది క్రొత్తలోకము కాదు. భేద మొక్కటియే. అచ్చట చదువరి పుట త్రిప్పును. ఇచ్చట ఆడువాడు కత్తి త్రిప్పవలెను. కోటగోడనుండి యావలికి దూకవలసినచో తన వ్రేళ్లతోనే దూకింపవలెను, తప్పినచో నాయిక పాతాళమున బడును, మరల మొదలిడవలెను. భీముడు కీచకుని చంపెనని విన్నపుడు మన చేతి కేమియు అంటదు. ఇందు ప్రతి వధయు మన చేతిమీదుగా జరుగును. ఈ భేదమును చదువరులు మనసున నుంచుకొనవలెను. నేను ముందు చెప్పబోవు ఆక్షేపణ యంతయు దీనిపై నాధారపడియున్నది.

కథ సంగ్రహముగా నిది. రాజి, గోలు అను అక్కాతమ్ములు తల్లిదండ్రులు లేనివారు. ఒక సర్కసు బృందమువారు వారిని పెంచిరి. రాజి గాలిలో మొగ్గలు వేయు పిల్ల. గోలు బొమ్మలాడించు బాలుడు. పూర్వయుద్ధమున దేవతల కోడిన యసురులు పగబట్టి భూమిపై బడి పిల్లల నెత్తుకొని పోవుదురు. వారిలో గోలు నొకడు. దుర్గాదేవి రాజిని ఎన్నుకొని త్రిశూల మిచ్చును. విష్ణువు ధనుస్సు నిచ్చును. ఆమె కోటలును, హిరణ్యనగరి యను అద్భుతనగరమును, ఎడారియు దాటి మహాబలాసురుని యొద్దకు బోవును. అయిదాఱు గంటలలో ఆట ముగియును.

ఈ కథలో నన్ను మొదట నాకర్షించినది నాయిక పుట్టుక. ఆమె రాజపుత్రిక కాదు. శాపము దీఱిన యప్సరస కాదు. వీథిలో ఆటలాడి పొట్టపోసికొను పిల్ల. మన పల్లెలలో దొమ్మరాటవారు గడ పాతి, త్రాడు కట్టి, డోలు మ్రోగించుచుండగా ఎనిమిదేండ్ల బాలిక వెదురు చేతబట్టుకొని త్రాటిపై నడచుటను చూడని పెద్దవారుండరు. ఊరంతయు ఊపిరి బిగబట్టి చూచెడిది. ఆట ముగిసిన పిదప చేటలో నాలుగు గింజలు పోసి పంపెడివారే కాని, ఆ పిల్లను అరుగుపై గూర్చుండుమన్న యిల్లాండ్రు అరుదు. ఆ కులము పేరునే తిట్టుగా మార్చుకొన్న సంఘము మనది. అట్టి పిల్ల నేర్చిన విద్యయే యిందు లోకరక్షణకు సాధనమైనది. గోడవెంబడి పరుగెత్తుట, స్తంభమును పట్టుకొని గిఱ్ఱున దిరిగి శత్రువుపై బడుట, గడపైనుండి గడపైకి దూకుట - ఇవి దేవతలిచ్చినవి కావు. త్రిశూలము దుర్గది, దానిని త్రిప్పు నేర్పు సర్కసుది. ఇంతటి యూహ చేసిన నిర్మాతలకు నమస్కరింపవలెను. దీని నాడుచున్నపుడు నా ప్రక్కన గూర్చున్న మా యింటి బాలికలు, యుద్ధము వచ్చినపుడు కాదు, ఆ పిల్ల స్తంభముచుట్టు తిరిగినపుడు చప్పట్లు కొట్టిరి.

రెండవ గుణము చిత్రరచన. ఉద్యోగరీత్యా నేను కొంతకాలము భూపాలపల్లి ప్రాంతమున నుంటిని. అచ్చట గణపురములోని కాకతీయుల నాటి కోటగుళ్లలో ఏనుగుపై నెక్కిన, సగము మనుష్యుడును సగము సింహమునైన వింతరూపములు రాతిలో నున్నవి. సాయంకాలపు వెలుగులో వానిని చూచినపుడు భయమును ఆనందమును ఒక్కమాఱే కలుగును. భయానకాద్భుతములు కలిసిన రసస్థితి యది. ‘రాజి’లోని కోటలు రాజస్థానపు రీతివి, అయినను ఆ యెఱ్ఱరాతి జాలకములలోనుండి వెలుగు పడునపుడు నాకు గణపురము జ్ఞప్తికి వచ్చినది. కథలోని ముఖ్యఘట్టములు నీడబొమ్మలాటగా చూపబడినవి. తోలుబొమ్మలాట చూచిన తెలుగువారికి ఆ తెఱ, ఆ దీపము, ఆ కదలిక చిరపరిచితములు. తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడును బంగారక్కయు వచ్చి నవ్వించి పోవుదురు. ఇందు వారివంటివా రెవ్వరును లేరు. బొమ్మలాడించు పిల్లవాడు కథలో నుండగా ఆ లోటు మఱింత కనబడును.

ఇక దోషములు. చిన్నవానిని త్వరగా చెప్పి విడిచెదను. కెమెరాను ఆడువాడు తన యిష్టము వచ్చినట్లు త్రిప్పజాలడు. నిర్మాతలు నిలిపినచోటనుండియే చూడవలెను. దానివలన చిత్రము రమ్యముగా నుండును కాని దూరమెంతో తెలియక దూకి పడుట తఱచు. పోరాటములో మన వ్రేలికిని నాయిక కదలికకును నడుమ కొంత జాగు గలదు. శత్రువులలో వైవిధ్యము తక్కువ. రెండుగంటలు గడచిన పిదప వచ్చినవారే మరల వత్తురు. ధనుస్సునకు ‘శారంగ’ యని పేరుపెట్టిరి. విష్ణువు విల్లు శార్ఙ్గము. శృంగముతో, అనగా కొమ్ముతో చేయబడినది గనుక ఆ పేరు వచ్చినది. సారంగ మనగా లేడియో, చాతకపక్షియో యగును. సంస్కృతోపాధ్యాయుల కిట్టివి కంటిలో నలుసులు, ఇతరులు మన్నింపవచ్చును.

మన్నింపరానిది మఱియొకటి గలదు. ఈ యాటలో గోడలపై పురాణచిత్రములు గలవు. రాజి వాని యెదుట నిలిచినచో దుర్గయో విష్ణువో ఆ కథను చెప్పుదురు. చిత్రములు సొగసైనవి, కథనము హృద్యము. కాని ఆ కథ విన్నను వినకున్నను ఆటలో నేమియు మాఱదు. నిలువక పరుగెత్తిపోయినవానికిని అదే కత్తి, అదే శత్రువు, అదే ముగింపు. గోడమీది కథ గోడమీదనే యుండును. చేతిలోని పని చేతిలోనే యుండును. రెంటికిని పొత్తు లేదు. దేవాలయమునకు పోయి ప్రదక్షిణము చేసి శిల్పమును చూడక ప్రసాదము తీసికొని వచ్చినవాని యాత్ర వంటిది యిది. అమెరికావారు 2018లో వెలువరించిన ‘గాడ్ ఆఫ్ వార్’ ఆటలో తండ్రియు కొడుకును పడవలో పోవుచుండగా ఉత్తరదేశపు దేవతల కథలు చెప్పబడును. తరువాత ఆ కథలోని వ్యక్తియే యెదురుపడును. అపుడు చేయి యెత్తుటకు వెనుకాడుదుము. బాల్డర్ అనువాడు అందలి ప్రతిపక్షి. వానికి చావు రాకుండునట్లు తల్లి మంత్రము వేసినది. ఆ మంత్రముచేతనే వానికి స్పర్శయు రుచియు నశించినవి. వాని క్రౌర్యమునకు మూల మా దుఃఖము. వానిని చంపుట ఆడువాని వంతు. చంపిన పిదప ఆ తల్లి చేసిన రోదనమును వినుటయు ఆడువాని వంతే. ఆ యాట మితిమీఱిన రక్తపాతము గలది, చిన్నపిల్లల కీయదగదు. అయినను ఈ యొక్క విషయమున మనవారికంటె వారు మన పురాణధర్మమునకు దగ్గఱగా నున్నారు.

ఇంతకును పురాణధర్మ మేది? అసురునికి కథ యుండుట. నాట్యశాస్త్రము మొదటి యధ్యాయమును చదివినవారికి ఈ విషయము తెలియును. బ్రహ్మ నాట్యవేదమును సృజించి, ఇంద్రధ్వజోత్సవమున భరతునిచే మొదటి ప్రయోగము చేయించెను. అందు దైత్యులు దేవతలచే నోడిన విధమును ప్రదర్శించిరి. చూచుచున్న దైత్యులకు కోపము వచ్చినది. విరూపాక్షుని ముందిడుకొని విఘ్నములను గలిగించి, నటుల మాటను, కదలికను, జ్ఞాపకమును స్తంభింపజేసిరి. ప్రపంచమున మొదటి నాటకమునకు మొదటి విమర్శకులు రాక్షసులన్నమాట! ఇంద్రుడు కఱ్ఱ పుచ్చుకొని వారిని కొట్టెను. బ్రహ్మ యట్లు చేయలేదు. వారిని పిలిచి, కోపమెందులకని యడిగి, ఈ నాట్యము దేవతల కొఱకు మాత్రమే కాదనియు, మీ శుభాశుభములును వారి శుభాశుభములును ఇందు గలవనియు, మూడులోకముల భావములును ఇందు చెప్పబడుననియు సమాధాన మిచ్చెను. అసురుని చంపు ఆటలు చేయు ప్రతివారును ఆ యధ్యాయమును చదువవలెను. ‘రాజి’ యింద్రుని కఱ్ఱను గ్రహించినది; బ్రహ్మ మాటను వినలేదు.

మహాబలాసురుడు! పేరు చూడుడు. గొప్ప బలముగల యసురుడని యర్థము. అంతకు మించి యందేమియు లేదు. మహిషాసురుడనిన ఒక పుట్టుక, ఒక వరము, ఒక గర్వము కంటికి గట్టును. ఈతనికో, పూర్వము యుద్ధమున నోడినవారి పక్షమువాడనియు, పగ గలదనియు మాత్రమే తెలియును. ఆ యోటమిలో నెవరు పోయిరి? ఎవరిని పోగొట్టుకొని యిట్లయ్యెను? పిల్లల నెత్తుకొనిపోవు నంతటి క్రూరుని చేసిన గాయ మేది? ఈ ప్రశ్నలు నిర్మాతలకు తోచలేదు. తోచకపోవుటచే చివరి పోరాటము ఎంత భయంకరముగా నున్నను ఒక బండను పగులగొట్టినట్లుండును.

మా జనగామ జిల్లా పాలకుర్తి మండలములో బమ్మెర గ్రామము గలదు. పోతన గ్రామమని ప్రసిద్ధి. భాగవతమున ఆ మహాకవి అసురుల నెట్లు చిత్రించెనో మనవారికి చెప్పనక్కఱలేదు. వచ్చినవాడు విష్ణువని శుక్రుడు హెచ్చరించినను, ఆడిన మాట తప్పుటకంటె సర్వము పోవుటయే మేలని నిశ్చయించిన బలిచక్రవర్తి యెదుట, చేయి చాచిన దేవుడే చిన్నవాడుగా కనబడును. అది యటుండనిండు, బలి సజ్జనుడు గదా యందురేమో. హిరణ్యకశిపుని చూడుడు. కన్నకొడుకును చంపబూనిన ఆ దుర్మార్గుని కథ సప్తమస్కంధమున నెక్కడ మొదలగుచున్నది? సోదరుని మరణముతో మొదలగుచున్నది. వరాహరూపుడైన విష్ణువు హిరణ్యాక్షుని చంపెను. హిరణ్యకశిపుడు క్రోధమున మండిపడి, పిదప ఏడ్చుచున్న తల్లి దితిని, సోదరుని భార్యను, బిడ్డలను దగ్గఱ గూర్చుండబెట్టుకొని, సుయజ్ఞుడను రాజు చనిపోయినపుడు యముడు బాలకుని వేషమున వచ్చి బంధువుల నోదార్చిన వృత్తాంతమును చెప్పి యూఱడించెను. ఆ మాటలు రాక్షసుని మాటలని చెప్పకున్నచో వేదాంతి మాటలనుకొందుము. సోదరుడు పోయిన దుఃఖము, దానినుండి పగ, పగనుండి తపస్సు, తపస్సునుండి వరము, వరమునుండి గర్వము, గర్వమునుండి నాశము - ఇది యొక మనస్సు చెడిన మార్గము. ఇట్లు చూపినపుడే నరసింహుని గోళ్లకు అర్థము గలదు.

ఇప్పుడు ‘రాజి’ని తలంపుడు. ఆమెయు సోదరుని కొఱకే యాయుధము పట్టినది. ఆమె నడచు నగరము పేరు హిరణ్యనగరి. ఇంతటి సామ్యము చేతికంది యుండగా, ‘సోదరుని పోగొట్టుకొని హిరణ్యకశిపు డట్లయ్యెను, నీవేమగుదువు?’ అని గోడమీది చిత్ర మొక్కటియైన ఆ పిల్ల నడిగియుండినచో ఆట యెంత యెత్తునకు లేచియుండెడిది! పగకును రక్షణకును నడుమ నున్న సన్ననిగీత ఆడువాని చేతిక్రిందనే కదలియుండెడిది. ఈ యవకాశము జాఱవిడుచుటయే ఈ యాటలోని పెద్ద దోషమని నా యభిప్రాయము.

పల్లెలో చదువురాని ప్రేక్షకుడు సైతము ఈ రహస్య మెఱుగును. మా జిల్లాకు చెందిన చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యగారికి 2024లో పద్మశ్రీ లభించినది. వారికి పేరు తెచ్చిన పాత్ర ధర్మరాజు కాదు, కీచకుడు. జనము రాత్రియెల్ల మేలుకొని చూచునది కీచకుని వేషమును. కీచకుడు మంచివాడని కాదు. వాని మదము, వాని మోహము, వాని పతనము కన్నులార చూచిననే భీముని పిడికిలి పడునపుడు ఊరు ఊపిరి విడుచును. 1951లో వచ్చిన ‘పాతాళభైరవి’ చిత్రమున తోట రాముని సాహసమును మెచ్చుకొననివారు లేరు. అయినను ఏడు దశాబ్దములు దాటినను జనుల నాలుకలపై నున్నవి నేపాళ మాంత్రికుని మాటలు. పింగళి నాగేంద్రరావుగారు వ్రాసిన ఆ మాటలను ఎస్.వి.రంగారావుగారు పలికిన తీరులో భయమును నవ్వును కలిసియున్నవి. మానుకోట ప్రక్కన కురవి వీరభద్రుని జాతరకు పోవువారికి దక్షుని కథ తెలియును. తల తెగిన దక్షునికి శివుడు మేకతల పెట్టించి మరల బ్రతికించెను. మన ఉగ్రదేవతల కథలు సైతము వధతో నాగిపోలేదు.

అసురుని విషయ మిట్లుండగా, అసురస్త్రీ విషయ మింకను శోచనీయము. ఈ యాటలో రాజి కెదురుపడు దానవనాయికలలో రంగ్డా యనునది యొకతె. ఆమెను నిర్మాతలు బాలిద్వీపపు పురాణమునుండి తెచ్చిరి. ఆ పేరున కర్థమేమో వారు విచారించిరో లేదో! జావా, బాలి భాషలలో ఆ పదమునకు విధవ యని యర్థము. మన దేశమున దిక్కులేని స్త్రీలపై విసరబడు నీచమైన తిట్టుగా మిగిలిన సంస్కృతపదమే సముద్రము దాటి యచ్చట రాక్షసి పేరైనది. బాలివారు రంగ్డాను చాలొన్ అరంగ్ అను స్త్రీ కథతో ముడిపెట్టుదురు. 11వ శతాబ్దమున జావాలో ఎర్లంగరాజు కాలమున జరిగినట్లు చెప్పు కథ యది. ఆమె విధవ, మంత్రకత్తె యని లోకు లనుకొనిరి. ఆ భయముచేత ఆమె కూతురిని పెండ్లాడుటకు ఎవ్వడును రాలేదు. కూతురి యవమానమును సహింపలేక తల్లి మహామారిని రప్పించి రాజ్యమును పీడించినది. భరదుడను ముని తొలుత తన శిష్యునికి ఆ పిల్లనిచ్చి పెండ్లి చేయించి, పిదప తల్లిని జయించెను.

ఇది చదివి మన గృహములవారికి ఏమియు తోచకుండునా? వీరేశలింగముపంతులుగారు 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహము జరిపించిన దేశము మనది. విధవ యెదురువచ్చిన ప్రయాణ మాపుకొనుట, పెండ్లిపందిటిలో ఆమెను మూలకు నెట్టుట, ఆమె చూపు సోకినచో పిల్లలకు జబ్బుచేయుననుట - ఇవి పూర్తిగా పోయినవని యెవరైన చెప్పగలరా? మంత్రగత్తె యను నిందమోపి ఒంటరి స్త్రీలను కొట్టిన వార్తలు మన జిల్లాలలోను వినలేదా? రంగ్డా పుట్టినది ఆ భయమునుండియే. సంఘము వెలివేసిన స్త్రీ తిరిగి వచ్చి సంఘమును కబళించినట్లు ఆ కథ చెప్పుచున్నది. చెప్పుచునే కూతురి పెండ్లిని పరిహారముగా చూపుచున్నది. ఆట యీ యంతయు దులిపివేసి, కోఱలును గోళ్లును మాత్రమే యుంచుకొన్నది. సర్కసుపిల్లను నాయికగా జేసి వెలివాడను గౌరవించిన చేతులే, వెలివేయబడిన విధవను కథ లేకుండ చంపుటకు పనిపెట్టినవి. వెలివాడ పిల్ల వెలివేయబడిన తల్లి నెదుర్కొని ఒక్క ప్రశ్నయైన వేయదు. అడిగినచో ఆటను నడపుట కష్టమగుననియా? ‘గాడ్ ఆఫ్ వార్’ నిర్మాతలు అంతకంటె కష్టమైనదానిని చేసి చూపిరి గదా.

రాజి స్వరమును గూర్చియు కొంత చెప్పవలెను. ఆటయంతయు దుర్గకును విష్ణువునకును జరుగు సంభాషణతో నడచును. ఈ పిల్లకు శక్తి చాలునా యని యొకరు, చాలునని యొకరు. కథకులుగా దేవతలను నిలుపుట చమత్కారమే. కాని వారు పైనుండి మాటలాడినకొలది క్రిందనున్న పిల్ల చిన్నదగుచున్నది. ఆమె భయపడినదని దేవత చెప్పగా మనము విందుము. ఆమె భయము మనకు తగులదు. ఒక్కచోట మాత్రము ఇట్లు కాదు. రంగవల్లివంటి వలయములను త్రిప్పి చిత్రమును సరిచేయు పొడుపులు కొన్ని గలవు. సరిచేసినపుడు తమ్మునితో గడపిన దినముల జ్ఞాపకము లొక్కొక్కటిగా కూడును. ఆయుధము లేదు, శత్రువు లేడు, దేవతల మాటలు వెనుకకు దగ్గును. చెదరిన బొమ్మను అక్క మెల్లగా కూర్చుకొనుచుండును. ఈ యాటలో నాకు గుండె బరువెక్కినది అచ్చటనే. నిర్మాతలకు శక్తి లేదనుట కాదు. ఆ శక్తిని తమ్మునివఱకే యుంచి శత్రువుదాక తీసికొని పోలేదనుటయే నా మాట.

తోడి పిల్లల సంగతియు నంతే. అసురు లెత్తుకొనిపోయినది గోలు నొక్కనినే కాదు. సర్కసు బృందమువారేమైరి? పెంచిన పెద్దలెవ్వరు? మిగిలిన పిల్లల తల్లు లెక్కడ? నాయిక వారిని తలపదు. బృందముతో జీవించువారు బృందమును మఱతురా? గడ పట్టుకొన్నవాడు క్రింద లేనిదే పైనున్న పిల్ల నిలువలేదు. ఆ విద్యను వాడుకొని, ఆ విద్యలోని తోడ్పాటును విడిచిపెట్టిరి.

భాషను గూర్చి ఒక్కమాట. మొదట నీ యాట ఆంగ్లమున బలికినది. 2022లో వచ్చిన సంస్కరణమున హిందీగళములు చేర్చిరి. అది మెఱుగే. తెలుగులో పలికినచో మన యిండ్లలోని అవ్వలు సైతము ప్రక్కన గూర్చుండి, ఆ గోడమీది కథలలో తప్పులు దిద్దుదురు. హైదరాబాదులోని ఓగర్ హెడ్ స్టూడియోవారు 2017లో ‘అసుర’ యను ఆటను వెలువరించిరి. పేరును పురాణచ్ఛాయయు మనవి. అయినను అది ప్రధానముగా కత్తిపనికి సంబంధించినది, కథకై పోవువారికి కాదు. తెలుగుదేశమున కంప్యూటరు విద్య నేర్చిన యువకులకు లోటు లేదు. వారి ప్రక్కన భాగవతము చదివినవాడొకడు కూర్చుండవలెను.

ముగింపును గూర్చి ఆడినవా రనేకులు గొణిగిరి; నేనును గొణిగితిని. చివరి పోరు ముగిసి, ఏమి జరిగినదో తెలియునంతలో తెఱ దిగిపోవును. కథ సగములో త్రెంచినట్లుండును. ఈ యర్ధాంతరపు ముగింపును మా తొమ్మిదవ తరగతివారికి చెప్పి, మిగిలిన కథను వ్రాసి తెమ్మంటిని. మగపిల్లలలో పెక్కురు మఱియొక యుద్ధమును వ్రాసిరి; ఆయుధముల పేర్లు పుటనిండ నున్నవి. ఒక బాలిక మాత్రము, రాజి పిల్లలనందఱిని విడిపించి, ఊరూరను దిగవిడిచి, కడకు సర్కసు డేరాకు వచ్చి త్రాడు కట్టినట్లును, చూడవచ్చిన జనములో కొమ్ములుగల ముసలితల్లి యొకతె వెనుక వరుసలో నిలిచి, చనిపోయిన తన కొడుకు పేరు మెల్లగా చెప్పినట్లును, రాజి త్రాటిమీద నడుమ నాగి ఆ పేరును విన్నట్లును వ్రాసినది. వ్రాయసదోషములు పదునాలుగున్నవి. ఎఱ్ఱసిరాతో వానిని దిద్ది, కథను తరగతిలో రెండుమాఱులు చదివించితిని.